గోదారి ఇంట్లో ఒక్కరే రికార్డింగ్ చేసుకోవాలంటే: ఏం కొనాలి, ఏది ఆగి కొనాలి

ఇంట్లో కూర్చుని సొంతంగా పాటో వాద్యమో రికార్డు చేసుకుందామనుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే, "ఏ మైకు కొనమంటారు?" అని. దానికి జవాబు చెప్పేముందు నేను మూడు ప్రశ్నలు తిరిగి అడుగుతాను. మీరు పాడతారా, వాయిస్తారా, రెండూ ఒకేసారి చేస్తారా? మీది డాబా ఇల్లా, పెంకుటిల్లా? మీ వీధిలో ఏ గంటకు సద్దుమణుగుతుంది? ఈ మూడూ తేలితే కొనాల్సిన సామాను సగానికి తగ్గిపోతుంది, వీడియోల్లో చూపించే పదిహేను రకాల్లో మనకు అక్కర్లేనివేవో కూడా తెలిసిపోతుంది.

ఒంటరిగా చేసుకునేవాళ్లకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. ఒకసారికి ఒక్క శబ్దమే రికార్డు చేస్తాం. ముందు హార్మోనియం, తర్వాత గొంతు, ఆ తర్వాత కావాలంటే తాళం. భజన బృందం మొత్తాన్ని ఒకేసారి పట్టాల్సిన పని లేదు కాబట్టి ఎనిమిది మైకులు పెట్టే మిక్సర్ మనకెందుకు? పైగా చవకలో దొరికే యూఎస్‌బీ మిక్సర్లు చాలావరకు కంప్యూటర్‌కు పంపేది అన్నీ కలిసిపోయిన రెండు చానెళ్లనే, తర్వాత విడదీసి సరిచేసుకోవడానికి ఉండదు. ఉన్న డబ్బు ఒక మైకు, ఒక ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), ఒక హెడ్‌ఫోన్, ఒక స్టాండు మీద పెట్టండి. మిగిలిన శ్రద్ధంతా గది మీద పెట్టండి. నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా ఇదే, కింద ఉన్నదంతా దాని వివరం.

ముందు ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మీరు పాడాలనుకున్న గదిలో తలుపులు వేసి, ఫ్యాన్ ఆపి, రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా రికార్డు చేయండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒకసారి, రాత్రి పదిన్నర దాటాక ఒకసారి. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సౌండ్ బాగా పెంచి వినండి. ఇన్నాళ్లూ చెవికి అలవాటైపోయి వినపడనివన్నీ అప్పుడు బయటపడతాయి: హాల్లో ఫ్రిజ్ గుర్రు, ఇన్వర్టర్ సన్నటి కూత, పక్కింటి నీళ్ల మోటారు, గోడగడియారం టిక్కుటిక్కు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువుల పక్కన ఉండేవాళ్లకు రాత్రే మంచిదనుకోవడానికి లేదు, చెరువులో ఆక్సిజన్ పడిపోయేది రాత్రిపూటే కాబట్టి ఏరియేటర్లు తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటాయి. కోనసీమలో కొబ్బరి తోటల మధ్య ఇల్లయితే పగలు హాయిగా ఉంటుంది గానీ వానాకాలం రాత్రుళ్లు కప్పలూ కీచురాళ్లూ ఊరుకోవు. ధనుర్మాసంలో తెల్లవారుజాము గుడి మైకుది. కాలవగట్టు రోడ్డు పక్కన ఇల్లయితే కోతల రోజుల్లో ధాన్యం లారీలు. మీ ఇంటికి ఏ గంట మంచిదో తేలాక రికార్డింగ్ ఆ గంటకే పెట్టుకోండి. ఐదు వేల మైకు సద్దుమణిగిన గంటలో ఇచ్చే శబ్దాన్ని, ముప్పై వేల మైకు సాయంత్రం ఆరింటికి బజారు పక్కన ఇవ్వలేదు.

తర్వాత గది మోత. మన డాబా ఇళ్లలో కింద టైల్సో గ్రానైటో, చుట్టూ సిమెంటు గోడలు, పైన శ్లాబు. ఖాళీ గదిలో చప్పట్లు కొడితే టంగుమంటుంది, ఆ టంగు మీ పాటలో ప్రతి అక్షరం వెనకా ఉంటుంది. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది. మూడు వైపులా ఒకే కొలత కాబట్టి 56 హెర్ట్జ్ దగ్గరా దాని రెట్టింపుల దగ్గరా శబ్దం ఒకదాని మీద ఒకటి పేరుకుని, మృదంగం ఎడమవైపు మోత, కీబోర్డు బేస్ గుంయ్‌మంటూ నిలిచిపోతాయి. పొడవు, వెడల్పు వేరువేరుగా ఉన్న గది ఇంట్లో ఉంటే అదే ఎంచుకోండి. పాత పెంకుటిల్లు ఉన్నవాళ్ల సంగతి వేరు, దూలాలు, వాసాలు, పెంకులు శబ్దాన్ని చెదరగొడతాయి కాబట్టి గొంతు సహజంగా వినిపిస్తుంది, కాకపోతే బయటి రొద కూడా పెంకుల సందుల్లోంచి లోపలికి వచ్చేస్తుంది.

కోడిగుడ్ల అట్టలు మాత్రం గోడలకు అంటించకండి. అనపర్తి, తణుకు వైపు కోళ్ల ఫారాలు ఉన్నాయి కాబట్టి మనకు ఆ అట్టలు ఊరికే దొరుకుతాయి, అందుకే ఈ సలహా ఇచ్చేవాళ్లు కూడా ఎక్కువ. పల్చటి కాగితం గుజ్జు అది, పైస్థాయి శబ్దాన్ని కొంచెం తగ్గిస్తుంది తప్ప గుంయ్‌మనే మోతను ఏమీ చేయలేదు, పైగా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. అంగుళం మందం ఉండే నల్ల ఫోమ్ పలకలు కూడా అంతే, శ, స అక్షరాల పదును తగ్గుతుంది, కింది మోత అలాగే మిగిలి పాట మూసేసినట్టు ఉంటుంది. దానికి పెట్టే డబ్బు దాచుకుని ఇంట్లో ఉన్న దూది పరుపు తీయండి. నాలుగంగుళాల దూది పరుపును గోడకు ఆనించకుండా జానెడు దూరంలో నిలబెడితే ఆ ఫోమ్ కన్నా ఎన్నో రెట్లు పనిచేస్తుంది. ఎక్కడ నిలబెట్టాలన్నది ముఖ్యం: మైకు వెనక కాదు, మీ వెనక. మామూలుగా వాడే కార్డియాయిడ్ మైకు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా తీసుకునే రకం) తన వెనక నుంచి వచ్చే శబ్దాన్ని ఎలాగూ తక్కువే తీసుకుంటుంది, అది చూసేది మీ ముఖాన్నీ మీ వీపు వెనక గోడనీ. అందుకే మైకు వెనక బిగించే అర్ధచంద్రాకారపు షీల్డుల మీద నాకు నమ్మకం తక్కువ. కింద మందపాటి బొంత, పక్కన బట్టల బీరువా తలుపులు తెరిచి పెట్టడం, వీపు వెనక పరుపు, ఇవి చాలు. ఇదంతా గదిలో పుట్టే మోతకే అని గుర్తుంచుకోండి, లారీ హారన్‌ను పరుపు ఆపలేదు. దానికి మందు మంచి గంట ఎంచుకోవడమే.

ఇక కొనడం. ఎవరేమన్నా సరే, మైకు కన్నా ముందు హెడ్‌ఫోన్ గురించి ఆలోచించమంటాను. చెవిని పూర్తిగా కప్పే క్లోజ్డ్ రకమే కావాలి, ఓపెన్ రకంలో లోపల మోగేది బయటికి వచ్చి మైకులో పడుతుంది. బ్లూటూత్ వద్దు, అందులో శబ్దం సాధారణంగా సెకనులో పదో వంతుకు పైగా ఆలస్యంగా చేరుతుంది, ఆ ఆలస్యంతో తాళం నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. ఆడియో టెక్నికా ఎం20ఎక్స్ మొదలుపెట్టడానికి సరిపోతుంది, ఇంకాస్త పెట్టగలిగితే అదే కంపెనీ ఎం40ఎక్స్, లేదా 1991 నుంచి స్టూడియోల్లో తిరుగుతున్న సోనీ ఎండీఆర్ 7506. బేస్ ఎక్కువ కొట్టే పార్టీ హెడ్‌ఫోన్స్ వాడితే మీ పాటలో బేస్ బాగానే ఉందనుకుని తగ్గించేస్తారు, తీరా బయట వింటే పల్చగా ఉంటుంది.

కర్ణాటక సంగీతం పాడేవాళ్లకు హెడ్‌ఫోన్ ఇంకో కారణానికి తప్పనిసరి. ఎలక్ట్రానిక్ తంబూరను గదిలో మోగిస్తూ పాడారనుకోండి. పాటంతా బాగా వచ్చింది, అనుపల్లవిలో ఒక్క సంగతి తడబడింది, ఆ ఒక్క లైను రెండో టేక్ నుంచి తెచ్చి అతికిద్దామనుకుంటారు. కోసిన చోట తంబూర పంచమం మీద ఉంటుంది, అతికించిన ముక్క షడ్జమం మధ్యలో మొదలవుతుంది, వినేవాళ్లకు మీ గొంతు కన్నా ముందు ఆ ఎగురే తెలిసిపోతుంది. ఎంత సాఫ్ట్‌వేర్ పెట్టినా అది మాయం కాదు. అందుకే తంబూరను యాప్ నుంచి వేరే ట్రాక్‌గా రికార్డు చేసుకుని హెడ్‌ఫోన్‌లో వింటూ పాడండి, గొంతు మాత్రమే మైకులోకి వెళ్లాలి, అప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ కోసుకోవచ్చు. రెండు చెవులూ మూసుకుంటే నా గొంతు నాకు వినపడక శ్రుతి జారుతోందనేవాళ్లు ఒక చెవి తీసేయండి, అయితే తీసిన వైపు సౌండ్ రాకుండా తంబూరను రెండో చెవికే తిప్పుకోండి. ఫైలు పేరులోనే శ్రుతి రాసుకోండి, ఐదున్నర అనో ఒకటి అనో, ఆరు నెలల తర్వాత మళ్లీ తెరిచినప్పుడు మీకే ఉపయోగం. పాత హార్మోనియంతో పాడేవాళ్లు ముందు ట్యూనర్ యాప్‌తో చూసుకోండి, పాత పెట్టెలు చాలావరకు సరిగ్గా 440 హెర్ట్జ్ (ట్యూనర్లు వాడే ప్రామాణిక స్థాయి) మీద ఉండవు, తంబూర యాప్‌ను హార్మోనియానికి సరిచేసుకోవాలి తప్ప హార్మోనియాన్ని యాప్‌కు సరిచేయలేం.

ఇంటర్‌ఫేస్ అంటే మైకుకీ కంప్యూటర్‌కీ మధ్య ఉండే పెట్టె. ఇక్కడ చూడాల్సింది ఎన్ని మైకులు పెట్టొచ్చన్నది. బెహ్రింగర్ యూఎం2లో మైకుకు ఒకే ఇన్‌పుట్, గిటారు లాంటి వాటికి ఇంకొకటి ఉంటాయి, 16 బిట్ వరకే రికార్డు చేస్తుంది (బిట్లు ఎక్కువైతే సన్నటి శబ్దాలు కూడా శుభ్రంగా పడతాయి). ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోలో కూడా మైకు ఒక్కటే, కానీ 24 బిట్. రెండు మైకులు ఒకేసారి పెట్టాలంటే యూఎంసీ202హెచ్‌డీ గానీ స్కార్లెట్ 2ఐ2 గానీ కావాలి. పాడటం మాత్రమే మీ పనయితే ఒక మైకు పెట్టె చాలు. హార్మోనియం వాయిస్తూనే పాడతానంటే, మృదంగానికి రెండు వైపులా మైకు పెట్టాలంటే రెండు ఇన్‌పుట్లది మొదటే తీసుకోండి, తర్వాత మారిస్తే నష్టమే. నాలుగు, ఎనిమిది ఇన్‌పుట్లవి వద్దు.

24 బిట్ ఎందుకంటే, గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలన్నది) తక్కువ పెట్టుకునే స్వేచ్ఛ ఇస్తుంది. మీటరు పైదాకా పోయేలా పెట్టక్కర్లేదు, గట్టిగా పాడిన చోట కూడా మైనస్ 12 డెసిబెల్స్ (శబ్దం స్థాయిని కొలిచే ప్రమాణం) దాటకుండా ఉంచండి. మన పాటలో మంద్రంలో మొదలై తారస్థాయికి వెళ్లేసరికి గొంతు ఎంత పెరుగుతుందో పాడేవాళ్లకే తెలియదు, ఒక్కసారి ఎర్ర లైటు వెలిగి పగిలిన శబ్దాన్ని మళ్లీ బాగుచేయలేం. డబ్బా మీద 192 కిలోహెర్ట్జ్ (సెకనుకు ఎన్ని వేల సార్లు శబ్దాన్ని కొలుస్తుందన్నది) అని ఉందా లేదా అని చూసుకోకండి, 48 కిలోహెర్ట్జ్ మన పనికి ఎక్కువే. పెట్టె మీద డైరెక్ట్ మానిటర్ మీట ఉందో లేదో మాత్రం తప్పక చూడండి. అది ఉంటే మీ గొంతు కంప్యూటర్ చుట్టూ తిరిగి రాకుండా నేరుగా మీ చెవికి వస్తుంది, పాత లాప్‌టాప్ అయినా టెన్షన్ ఉండదు. కంప్యూటర్ గుండానే వినాలంటే బఫర్ (కంప్యూటర్ ఒక్కసారికి దాచుకునే శబ్దపు ముక్క) 128 దగ్గర పెట్టండి, 48 కిలోహెర్ట్జ్‌లో ఆ బఫర్ ఆలస్యం మూడు మిల్లీసెకన్ల లోపే, రానూపోనూ కలిపితే ఇంకాస్త ఉంటుంది గానీ పాడటానికి అడ్డం రాదు. విండోస్ వాళ్లు కంపెనీ ఇచ్చే ఏఎస్ఐఓ డ్రైవర్ (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకోవడం మరచిపోకండి.

ఇప్పుడు మైకు. ఇందులో రెండు రకాలు: కరెంటుతో పనిచేసే సున్నితమైన కండెన్సర్, కరెంటు అక్కర్లేని మొండి డైనమిక్. "కండెన్సర్ అన్నీ పట్టేస్తుంది, డైనమిక్ బయటి రొద పట్టదు" అని అందరూ అంటారు, అది సగమే నిజం. అసలు పనిచేసేది దూరం. నోటికీ మైకుకీ దూరం రెట్టింపయితే నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత, బయటి రొద మాత్రం దాదాపు ఉన్నంతే ఉంటాయి. నాలుగు అడుగుల దూరం నుంచి అడుగు దగ్గరికి వస్తే మీ గొంతు రొద మీద 12 డెసిబెల్స్ పైకి లేస్తుంది. డైనమిక్ మైకును పెదాలకు రెండు మూడు అంగుళాల దగ్గర పెట్టి పాడతాం కాబట్టే అది శుభ్రంగా వినిపిస్తుంది. అంత దగ్గరగా పాడితే గొంతులో బేస్ పెరుగుతుంది, ఆడగొంతుకు అది ఒక్కోసారి నిండుదనం ఇస్తుంది, మందంగా ఉండే మగగొంతుకు గుంయ్ అనిపిస్తుంది, అప్పుడు ఇంకో రెండంగుళాలు వెనక్కి జరగండి.

నా లెక్క ఇది. బజారులోనో రోడ్డు పక్కనో ఇల్లు, పాట గట్టిగా పాడే గొంతు అయితే 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎం58 కొనండి, పెళ్లి కచేరీకి కూడా పట్టుకెళ్లొచ్చు. నిశ్శబ్దంగా ఉండే ఇల్లు, మెత్తటి గొంతు, లేదా వీణ, వయొలిన్, వేణువు అయితే కండెన్సర్. ఆడియో టెక్నికా ఏటీ2020 మొదటి కండెన్సర్‌గా సరైనది, దాని సొంత నాయిస్ (మైకు తానే చేసే బుస్) 20 డెసిబెల్స్. రోడ్ ఎన్‌టీ1లో అది నాలుగైదు మాత్రమే, కానీ మీ గదే ముప్పై దాటి మోగుతుంటే ఆ తేడా మీకు వినపడదు, ఆ డబ్బు హెడ్‌ఫోన్ మీద పెట్టండి. కండెన్సర్‌కు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ గుండానే వెళ్లే కరెంటు) కావాలి, పైన చెప్పిన ఇంటర్‌ఫేస్‌లన్నిటిలో ఆ మీట ఉంటుంది. పాడ్‌కాస్టుల్లో కనపడే షూర్ ఎస్ఎం7బీ మైకు చూసి మోజు పడకండి, దానికి దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి, చవక ఇంటర్‌ఫేస్‌లు అంత ఇవ్వలేక బుస్సుమంటాయి. యూఎస్‌బీ మైకు మాటలకు పర్లేదు, పాటకు మొదట్లో సరిపోతుంది, కానీ తర్వాత రెండో మైకు కలుపుదామంటే సులువైన దారి ఉండదు.

ఏడెనిమిది వందలకు మైకు, స్టాండు, ఫోమ్ టోపీ అన్నీ కలిపి వచ్చే కిట్లు, రంగు లైట్ల లైవ్ సౌండ్ కార్డులు కరోకే యాప్‌ల పుణ్యమా అని ప్రతి ఊళ్లోనూ కనపడుతున్నాయి. వాటిలో బుస్ నాయిస్ ఒక సమస్య, దానికన్నా పెద్ద సమస్య ఎకో. మీట నొక్కి ఎకోతో పాడితే అది రికార్డింగ్‌లోనే కలిసిపోతుంది, తర్వాత తీయలేం. ఎకో ఎప్పుడూ చివర్లో వేసుకునేది, రికార్డు చేసేటప్పుడు గొంతు పొడిగానే ఉండాలి.

వాద్యాల దగ్గర ఒక్కోదానికీ ఒక్కో పద్ధతి. వీణకు అందరూ కుండకు ఎదురుగా మైకు పెడతారు, అప్పుడు గుంభనంగా మోత వస్తుంది గానీ గమకం స్పష్టంగా ఉండదు. కుండకు అడుగున్నర దూరంలో, కొంచెం పైనుంచి, మెట్లు మొదలయ్యే చోటు వైపు మైకు ముఖం తిప్పి చూడండి. తర్వాత అంగుళం అంగుళం జరుపుతూ హెడ్‌ఫోన్‌లో వినండి: కుండ వైపు జరిపితే నిండుదనం, మెట్ల వైపు జరిపితే మీటు పదును, ఇంకా జరిపితే తీగ మీద వేళ్లు జారే కరకర మొదలవుతుంది. ఆ కరకర వినపడీ వినపడని చోటే మైకుకు సరైన చోటు. నేల మీద కూర్చుని వాయిస్తాం కాబట్టి స్టాండు కాలు నేరుగా టైల్స్ మీద పెట్టకుండా కింద మడత పెట్టిన బొంత వేయండి, లేకపోతే తాళం వేసే ప్రతి దెబ్బా స్టాండు గుండా పైకెక్కుతుంది. గాజులు, గొలుసులు, పట్టుచీర సవ్వడి, ఇవి కండెన్సర్‌లో వీణతో సమానంగా పడతాయి.

వయొలిన్‌కు రెండడుగుల ఎత్తు నుంచి, దగ్గరపెడితే కమాను గీకుడే వినపడుతుంది. వేణువుకు ఊదే రంధ్రానికి సూటిగా పెడితే గాలే నిండుతుంది, కాస్త పైకి, వేళ్ల వైపుకు. హార్మోనియం శబ్దం రీడ్ల పైనుంచి వస్తుంది, గాలితిత్తి వెనక కొట్టుకుంటుంది, కాబట్టి మైకు ముందు వైపు పైన. మృదంగానికి ఒకే మైకు ఉంటే ఎదురుగా రెండడుగుల్లో పెట్టి ఎడమ, కుడి రెండూ సమంగా వినపడేదాకా జరపండి. సన్నాయి గట్టి వాద్యం, మూడు నాలుగు అడుగుల దూరంలో డైనమిక్ చాలు, వీలైతే గదిలో కాకుండా అరుగు మీద కూర్చుని వాయించండి.

కీబోర్డు వాళ్లకు అసలు మైకే అక్కర్లేదు, లైన్ కేబుల్ చాలు. ఎలక్ట్రిక్ గిటారు, ఎలక్ట్రిక్ మాండలిన్ కూడా అంతే, ఇంటర్‌ఫేస్ మీద ఇన్‌స్ట్రుమెంట్ అని ఉండే మీట నొక్కి నేరుగా పెట్టుకోవచ్చు. మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ కర్ణాటక సంగీతానికి తెచ్చింది ఎలక్ట్రిక్ మాండలిన్‌నే. ఆ దారిలో వాయించే పిల్లలకు చెప్పేదేమిటంటే, మీకు నిశ్శబ్దమైన గది కూడా అక్కర్లేదు, బయట ఏరియేటర్ తిరుగుతున్నా కప్పలు అరుస్తున్నా మీ ట్రాక్ శుభ్రంగానే ఉంటుంది. మైకుకు పెట్టాల్సిన డబ్బుతో మంచి ఇంటర్‌ఫేస్ కొనుక్కోండి.

కరెంటు సంగతి సామాను కొనే ముందే చూసుకోవాలి. రికార్డింగ్‌లో సన్నగా జూమ్మనే హమ్ వస్తోందంటే మైకును అనుమానించకండి. లాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద పెట్టి మళ్లీ వినండి. హమ్ పోయిందా, తప్పు ఎర్తింగ్‌ది. పాత ఇళ్లలో మూడో పిన్నుకు తీగే ఉండదు, ఉన్నా ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌తో ఒక్కసారి చూపించండి, ఇది ప్రాణానికి కూడా మంచిది. అప్పటిదాకా టేక్ తీసే ఆ పది నిమిషాలూ ఛార్జర్ తీసేయండి. ఇన్వర్టర్ మీద రికార్డు చేసేవాళ్లు, చవక రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ల నుంచి వచ్చే కరకర శబ్దంలోకి దిగుతుందని గమనించండి, సైన్ వేవ్ రకంతో ఆ బాధ చాలావరకు ఉండదు.

తేమ మన డెల్టాలో సామానుకు అసలు శత్రువు. అంతర్వేది, నరసాపురం, ఓడలరేవు వైపు సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లకు ఉప్పుగాలి కూడా. కండెన్సర్ మైకు లోపలి పొర తేమ పట్టిందంటే చిటపటలు మొదలవుతాయి, ఒక్కోసారి శబ్దమే పడిపోతుంది. పని అయ్యాక స్టాండు మీద వదిలేయకుండా, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి. రంగు మారే రకం సిలికా దొరుకుతుంది, నీలం నుంచి గులాబీకి మారితే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఫోను తడిస్తే చేసినట్టు బియ్యంలో మాత్రం పెట్టకండి, తవుడు ధూళి జాలీ లోపలికి పోతుంది. కేబుల్ పిన్నులు నల్లబడితే కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. డైనమిక్ మైకు ఈ విషయంలో మొండిది, తీరప్రాంతంలో ఉండేవాళ్లను నేను ముందు అటువైపే తోస్తాను.

కంప్యూటర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్ ఏదైనా సరిపోతుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి తొమ్మిది ఎంబీ లోపే, ఐదు నిమిషాల పాటకు ఎనిమిది ట్రాకులు వేసినా 350 ఎంబీ దాటదు. సాఫ్ట్‌వేర్‌కు ఆడాసిటీ ఉచితం, ఆపిల్ వాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, కాస్త నేర్చుకునే ఓపిక ఉంటే రీపర్ 60 రోజులు అన్ని సదుపాయాలతో వాడి చూసుకోవచ్చు. లాప్‌టాప్ ఫ్యాన్ కూడా శబ్దమే, మైకుకు ఐదారడుగుల దూరంలో పెట్టుకోండి, అందుకే మైకు కేబుల్ మూడు మీటర్లకు తక్కువ తీసుకోవద్దు.

కొనేటప్పుడు బిల్లు, వారంటీ కార్డు లేకుండా కొనకండి. ఎస్ఎం58కి నకిలీలు చాలా ఎక్కువ, "ఒరిజినలేనా అండీ?" అంటే "ఆయ్, ఒరిజినలేనండీ" అనే అంటారు ఎవరైనా. అసలు మైకు బరువు 298 గ్రాములు, కాటా మీద పెట్టి చూడండి. బాగా తేలిగ్గా ఉంటే అనుమానించాలి, బరువు సరిపోయినంత మాత్రాన అసలుదే అని కాదు గానీ, కంపెనీ డీలరు దగ్గర కొంటే ఈ గొడవే లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఇంటర్‌ఫేస్, స్టాండు, డైనమిక్ మైకు నిశ్చింతగా తీసుకోవచ్చు, గెయిన్ నాబ్ తిప్పినప్పుడు గరగర లేకపోతే, ఫాంటమ్ పవర్ పనిచేస్తే చాలు. తేమలో ఎన్నాళ్లు పడి ఉందో తెలియని కండెన్సర్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో వద్దు.

ఇరవై, ఇరవై ఐదు వేలు చేతిలో ఉంటే ఈ వరసలో పెట్టండి: హెడ్‌ఫోన్, ఇంటర్‌ఫేస్, మైకు, బరువైన బూమ్ స్టాండు, కేబుల్, పాప్ ఫిల్టర్. పాప్ ఫిల్టర్‌ను ఎంబ్రాయిడరీ ఫ్రేముకు పల్చటి నైలాన్ గుడ్డ బిగించి మీరే చేసుకోవచ్చు, మైకుకు నాలుగంగుళాల ముందు ఉండాలి, ప, బ, భ అక్షరాల గాలి దెబ్బను అదే ఆపుతుంది. డబ్బు తక్కువైతే మైకు స్థాయి తగ్గించండి, స్టాండు తగ్గించకండి, ఊగే స్టాండు మీద ఏ మైకూ నిలకడగా పనిచేయదు.

మానిటర్ స్పీకర్లు (మిక్స్ సరిచూసుకోవడానికి వాడే స్టూడియో స్పీకర్లు) ఇప్పుడే వద్దు. పరుపులు, బొంతలు పెట్టి గది మోత అదుపులోకి రాకుండా స్పీకర్లు కొంటే మీరు వినేది గదినే, పాటను కాదు. అప్పటిదాకా హెడ్‌ఫోన్‌లో మిక్స్ చేసుకుని, ఫోను స్పీకర్‌లో ఒకసారి, కారులో ఒకసారి విని సరిచేసుకోండి. రెండో మైకు కూడా, మొదటి మైకుతో నాలుగైదు పాటలు పూర్తిగా ముగించి, ఫలానా శబ్దం దీనితో రావడం లేదని మీ అంతట మీరు చెప్పగలిగినప్పుడే కొనండి.